ఒక్క మార్కు జవాబులో పట్టని కథ

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో సవారీ కోసం ఆగి ఉన్న ఆటోను ఈసారి కాస్త నిదానంగా చూడండి. మూడు చక్రాలు. ముందున్న ఒక్కటి దారి మళ్లిస్తుంది, వెనకున్న రెండూ బండిని నెడతాయి. ఇంజిన్ వెనక ఉంటుంది, దానికి ఒకటే సిలిండర్. 1886 జనవరి 29న కారల్ బెంజ్ జర్మనీలో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన బండి అమరిక కూడా ఇదే. పేటెంట్ నంబరు 37435. ప్రపంచంలో తొలి మోటారు కారు పుట్టిన రోజుగా చాలామంది లెక్కించేది ఆ తేదీనే.

ఇబ్రహీంపట్నం చుట్టూ శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. వాటిలో చదివే పిల్లల్ని మోటారు కారు ఎవరు కనిపెట్టారని అడిగితే ఠక్కున “కారల్ బెంజ్, 1886” అంటారు. పోటీ పరీక్షలో ఆ జవాబుకు మార్కు పడుతుంది, పడాలి కూడా. కానీ అదే ఆటోను మెకానిక్ షెడ్డులో విప్పి గోనెపట్టా మీద పరిస్తే ఒక్కో భాగానికీ ఒక్కో మనిషి మూలపురుషుడిగా కనిపిస్తాడు. వాళ్లలో కొందరికి దక్కాల్సిన పేరు దక్కలేదు, కొందరికి అక్కర్లేనంత దక్కింది. ఒకాయన పేరునైతే ప్రభుత్వమే పనిగట్టుకుని చెరిపేసింది.

ముందు బెంజ్ బండి సంగతి. దాని ఇంజిన్ 954 సీసీ. ఇప్పటి పెట్రోలు, గ్యాస్ ఆటోల ఇంజిన్ 200 సీసీ పైచిలుకు. సైజులో బెంజ్‌దే నాలుగింతలు పెద్దది. శక్తి మాత్రం ముప్పావు హార్స్‌పవర్. ఆటోది దాదాపు పది. ఇంత తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే ఇంజిన్ సగం అర్థమైనట్టే. బెంజ్ ఇంజిన్ నిమిషానికి 400 చుట్లు తిరిగేది. నాలుగు స్ట్రోకుల పద్ధతిలో రెండు చుట్లకు ఒకసారే ఇంధనం మండుతుంది కాబట్టి నిమిషానికి 200 సార్లు మాత్రమే పిస్టన్‌కు తోపు దొరికేది. నేటి ఆటో ఇంజిన్ 5,000 చుట్లు తిరిగితే ఆ తోపు 2,500 సార్లు దొరుకుతుంది. దానికి తోడు ఇప్పటి ఇంజిన్లు గాలి, ఇంధనాల మిశ్రమాన్ని మండించే ముందు బాగా ఒత్తుతాయి. ఎంత ఒత్తితే అంత బలం వస్తుంది. బెంజ్ నాటికి ఆ ఒత్తిడిని తట్టుకునే లోహాలు గానీ, అంత వేగానికి సరైన క్షణంలో నిప్పురవ్వను అందించే ఏర్పాటు గానీ లేవు. బండి వేగం గంటకు 16 కిలోమీటర్లు, బరువు 265 కిలోల చిల్లర. స్టార్ట్ చేయాలంటే వెనక అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఫ్లైవీల్‌ను చేత్తో పట్టి తిప్పాలి. దాన్ని నిలువుగా పెడితే బండి మలుపు తిరగడానికి అడ్డొస్తుందేమోనని బెంజ్ భయపడ్డాడు.

ఆయన మూడు చక్రాలే పెట్టడానికి కారణం స్టీరింగ్. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వలయంలో, బయటిది పెద్ద వలయంలో తిరుగుతాయి. కాబట్టి ముందు రెండు చక్రాలుంటే రెండూ ఒకే కోణంలో తిరగకూడదు, లోపలిది కాస్త ఎక్కువ మళ్లాలి. లేకపోతే టైరు రోడ్డును రాసుకుంటూ పోతుంది. ఈ చిక్కు తనకు తెగలేదు గనుకే బెంజ్ ముందు ఒక్క చక్రంతో సరిపెట్టుకున్నాడు. 1893లో గానీ నాలుగు చక్రాల బండికి స్టీరింగ్ పేటెంట్ తీసుకోలేదు. విచిత్రమేమిటంటే దీనికి పరిష్కారం అప్పటికి ముప్పావు శతాబ్దం కిందటే దొరికింది. మ్యూనిక్‌లో గుర్రపు బండ్లు చేసే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో ఆ అమరికను తయారు చేశాడు. లండన్‌లో ఆయన తరఫున 1818లో పేటెంట్ తీసుకున్న వ్యాపారి రుడాల్ఫ్ ఆకర్‌మన్. ఇప్పటికీ ఆటోమొబైల్ పాఠ్యపుస్తకాల్లో ఉన్నది “ఆకర్‌మన్ స్టీరింగ్”. తయారు చేసినవాడి పేరు పోయింది, కాగితం మీద సంతకం పెట్టిన ఏజెంటు పేరు మిగిలింది. రెండు వందల ఏళ్ల తర్వాతైనా దీన్ని సరిదిద్దడానికి అడ్డేముందో నాకు అర్థం కాదు.

వెనక చక్రాలకూ అదే లెక్క వర్తిస్తుంది. ఆటో వెనక చక్రాల మధ్య దూరం 1.1 మీటర్లు అనుకుందాం. చౌరస్తాలో లంబకోణంలో మలుపు తిరిగితే బయటి చక్రం లోపలిదానికన్నా దాదాపు 1.7 మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు విశాలమైనా ఇరుకైనా ఈ తేడా మారదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటే ఏదో ఒకటి ఈడ్చుకుపోవాల్సిందే. రెంటికీ శక్తినిస్తూనే దేని వేగంలో దాన్ని తిరగనిచ్చే పళ్లచక్రాల పెట్టె డిఫరెన్షియల్. దాన్ని ఫ్రాన్స్‌లో ఒనేసిఫోర్ పెకూర్ ఆవిరి బండి కోసం 1827లోనే పేటెంట్ చేశాడు. బెంజ్ బండిలోనూ డిఫరెన్షియల్ ఉంది.

ఇంజిన్ దగ్గరికొస్తే తగాదా ఇంకా ముదురుతుంది. బొగ్గు గ్యాస్‌ను సిలిండర్‌లోపలే మండించే ఇంజిన్‌ను అమ్మకానికి తెచ్చిన తొలి మనిషి బెల్జియంలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఎత్యెన్ లెనువార్, 1860లో. 1863లో ఆ ఇంజిన్‌ను ఒక బండికి కట్టి పారిస్ నుంచి జ్వాన్‌విల్‌కు నడిపించాడు. పది కిలోమీటర్లు కూడా లేని దారికి గంటన్నర దాకా పట్టింది. ఆయన ఇంజిన్‌లో మిశ్రమాన్ని మండించేముందు ఒత్తడం లేదు, అందుకే అది ఇంధనం ఎక్కువ తాగి బలం తక్కువ ఇచ్చేది. ముందు పీల్చి, తర్వాత ఒత్తి, మండించి, చివరికి పొగ వదలాలనే నాలుగు అంచెల ఆలోచనను 1862లో ఫ్రెంచి ఇంజినీరు ఆల్ఫోన్స్ బో ద రోషా స్పష్టంగా రాసిపెట్టాడు. ఇంజిన్ మాత్రం చేయలేదు. చేసి చూపించింది జర్మనీలో నికొలస్ ఆటో, 1876లో. మన షెడ్డుల్లో సక్షన్, కంప్రెషన్, పవర్, ఎగ్జాస్ట్ అనుకునే వరస అదే. నికొలస్ ఆటోకు పేటెంట్ వచ్చింది, డబ్బూ వచ్చింది. పోటీ కంపెనీలు కోర్టుకెక్కి బో ద రోషా రాతను బయటికి తీయడంతో జర్మనీ న్యాయస్థానం నికొలస్ పేటెంట్‌ను కొట్టేసింది. అది జరిగిందీ 1886లోనే. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ అందరి సొత్తు అయిన సంవత్సరమూ, బెంజ్ బండి సంవత్సరమూ ఒకటే.

నిప్పురవ్వ విషయం బెంజ్‌ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది. బ్యాటరీ, కాయిల్‌తో ఆయన పని నడిపించాడు గానీ, ఆ చిక్కును నమ్మకంగా తీర్చింది 1902లో బాష్ కంపెనీ ఇంజినీరు గాట్‌లోబ్ హోనోల్డ్ తెచ్చిన హై ఓల్టేజ్ మాగ్నెటో, స్పార్క్ ప్లగ్గు. ఇక టైర్లు. బెంజ్‌వి గట్టి రబ్బరు పట్టీలు. గాలి టైరుకు 1888లో డన్‌లప్ పేటెంట్ తీసుకున్నాడు. ఆ పేటెంటూ నిలవలేదు, ఎందుకంటే రాబర్ట్ థామ్సన్ 1845లోనే అలాంటిది చేసి పేటెంట్ చేయించుకున్నాడు.

ఇదంతా విన్నాక “అసలు కారంటే ఏమిటి?” అని అడగక తప్పదు. గుర్రం లేకుండా తనంతట తాను రోడ్డు మీద కదిలే బండి చాలు అనుకుంటే ఘనత ఫ్రెంచి సైనిక ఇంజినీరు నికొలా క్యూన్యోదే. 1769లో చిన్న నమూనా, మరుసటి ఏడాది పూర్తి పరిమాణంలో ఆవిరి బండి. ఫిరంగులు లాగడానికి చేసిన ఆ బండికీ మూడే చక్రాలు. నాలుగు టన్నుల బరువును మనిషి నడక వేగంతో మోసేలా చేశారు గానీ, పావుగంటకోసారి ఆగి ఆవిరి పట్టాల్సి వచ్చేది. అది పారిస్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఆవిరి బండికి బాయిలర్, బొగ్గు, నీళ్లు, వాటిని చూసుకునే మనిషి కావాలి. ఒక కుటుంబం తలచుకున్నప్పుడు ఎక్కి పోగలిగే బండి అలా పుట్టదు. క్యూన్యోను నేను తాతగా గౌరవిస్తాను, తండ్రి అనలేను.

మరి పెట్రోలు బండి? ఇక్కడ సీగ్‌ఫ్రీడ్ మార్కస్ కథ చెప్పాలి. వియన్నాలో స్థిరపడిన యూదు యంత్ర నిపుణుడు. 1870 ప్రాంతంలోనే తోపుడు బండిలాంటి దానికి పెట్రోలు ఇంజిన్ బిగించి కదిలించాడు. తర్వాత చేసిన రెండో బండి అచ్చమైన కారు, వియన్నా సాంకేతిక మ్యూజియంలో భద్రంగా ఉంది. ఆస్ట్రియా జనం ఆయన్నే కారు పితామహుడిగా పిలుచుకునేవారు. 1938లో నాజీలు ఆస్ట్రియాను కలిపేసుకున్నాక వియన్నాలో ఆయన స్మారక విగ్రహాన్ని తొలగించారు. 1940 జులైలో నాజీ ప్రచార మంత్రిత్వ శాఖ ఒక ఉత్తరం రాసింది: ఇకపై విజ్ఞాన సర్వస్వాల్లో మోటారు కారు సృష్టికర్తలుగా మార్కస్‌ను కాకుండా డైమ్లర్, బెంజ్‌లను చూపాలని. ఒక మనిషి చేసిన పనిని అతడి పుట్టుకను బట్టి పుస్తకాల్లోంచి తీసేయమన్న ఆజ్ఞ అది. చదివినప్పుడల్లా మనసు రగిలిపోతుంది.

అయితే నిజం మొత్తం చెప్పాలి. ఆ రెండో బండి 1875 నాటిదని ఆస్ట్రియాలో చాలాకాలం నమ్మారు. తర్వాతి పరిశోధకులు కాగితాలు తిరగేస్తే అది 1888-89లో తయారైందని తేలింది, అంటే బెంజ్ తర్వాతే. మార్కస్ తన ప్రయోగాన్ని పట్టుపట్టి అమ్మకం దాకా తీసుకుపోలేదు కూడా. ఆయనకు జరిగిన అన్యాయాన్ని ఒప్పుకోవడానికి తప్పు తేదీని మోయనక్కర్లేదు. ఆయన 1870 ప్రాంతపు బండి ఒక్కటి చాలు, ఆయన పేరు ప్రతి పుస్తకంలో ఉండటానికి.

బెంజ్ ఉన్న మన్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల దూరంలో, కాన్‌స్టాట్‌లో, అదే రోజుల్లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాహ్ వేరే దారిలో నడుస్తున్నారు. చిన్నదీ, వేగంగా తిరిగేదీ అయిన ఇంజిన్ చేసి 1885లో దాన్ని చెక్క మోటారు సైకిల్‌కు, 1886లో ఒక గుర్రపు బండికి బిగించారు. వాళ్ల దృష్టి ఇంజిన్ మీద: పడవకైనా బండికైనా అదే. నేటి ఇంజిన్లు తిరిగే వేగానికి మూలం వాళ్లే, అందులోనూ ముఖ్యంగా మైబాహ్. ఇంధనాన్ని సన్నటి తుంపరగా చల్లే కార్బొరేటర్ ఆయనది, 1901లో గుర్రపు బండి పోలికలు పూర్తిగా వదిలించుకున్న మెర్సిడెస్ కారు ఆయనది. పేరు మాత్రం యజమానికే ఎక్కువగా దక్కింది.

బెంజ్ ప్రత్యేకత ఏమిటంటే, ఆయన పాత బండికి ఇంజిన్ తగిలించలేదు. ఇనుప గొట్టాల చట్రం, సైకిల్ తరహా తీగల చక్రాలు, ఇంజిన్, బెల్టు, గొలుసు, స్టీరింగ్ అన్నీ ఒకదానికోసం ఒకటి ఆలోచించి కట్టాడు. అందుకే నా లెక్కలో కారు రూపశిల్పి ఆయనే. కానీ ఆ రూపం పనికొచ్చే కారని నిరూపించింది ఆయన కాదు, ఆయన భార్య బెర్తా.

బెర్తా అప్పుడే కథలోకి వచ్చిన మనిషి కాదు. పెళ్లికి ముందే, 1871లో, తన కట్నం సొమ్ము ఇప్పించి బెంజ్ వర్క్‌షాపులో వాటాదారును వదిలించింది. 1888 నాటికి బండి తయారై రెండేళ్లయింది. జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు, కొనేవాడు లేడు. బెంజ్ ఇంకా సరిచేయాలి, ఇంకా సరిచేయాలి అంటూ కూర్చున్నాడు. ఆ ఆగస్టులో ఒక తెల్లవారుజామున భర్తకు చెప్పకుండా, పదిహేనేళ్ల కొడుకు ఓయ్‌గెన్‌ను, వాడి తమ్ముడు రిచర్డ్‌ను వెంటబెట్టుకుని ఆమె మూడో నమూనా బండి బయటికి తీసింది. గమ్యం పుట్టిల్లు, ఫోర్జ్‌హైమ్. నూరు కిలోమీటర్ల పైమాట. మన లెక్కలో ఇబ్రహీంపట్నం నుంచి యాచారం, మాల్, మల్లేపల్లి మీదుగా సాగర్ డ్యామ్‌కు వెళ్లే దూరానికి కాస్త తక్కువ. అంతవరకూ మోటారు బండ్లు ఊరి వీధుల్లో తిరిగి షెడ్డుకు చేరేవి.

దారిలో జరిగిందంతా ఈనాటి మెకానిక్‌కు తెలిసిన బాధలే. ఇంధనం గొట్టంలో నలుసు అడ్డుపడితే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి తీసింది. ఇగ్నిషన్ తీగ పైపూత అరిగి షార్టవుతుంటే మేజోడుకు కట్టుకునే గార్టర్‌ను చుట్టి ఆపింది. గొలుసు సాగితే కమ్మరి దగ్గర ఆగింది. ఇంధనం అయిపోతే వీస్‌లోహ్ ఊళ్లో మందుల షాపులో లిగ్రాయిన్ కొంది. మరకలు తుడవడానికి వాడే తేలికరకం పెట్రోలియం అది, అప్పట్లో మందుల షాపుల్లోనే దొరికేది. ఆ షాపును ప్రపంచపు తొలి పెట్రోలు బంకుగా ఇవాళ చూపిస్తారు. ఇంజిన్ చల్లబడేది నీళ్లు ఆవిరై పోవడం వల్ల కాబట్టి మాటిమాటికీ నీళ్లు పోయాలి. ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. వాలులో చెక్క బ్రేకులు అరిగిపోతుంటే చెప్పులు కుట్టే మనిషి చేత వాటికి తోలు కొట్టించింది. అదే బ్రేకు లైనింగ్. చీకటిపడే వేళకు చేరి, భర్తకు టెలిగ్రాం కొట్టింది.

తిరిగొచ్చాక ఆమె చెప్పిన లోపాల్లో ముఖ్యమైనది గుట్టలెక్కడానికి ఇంకో గేరు కావాలన్నది. బెంజ్ పెట్టాడు. ప్రయోగశాలలో కనపడని లోపాలను రోడ్డు మీద పట్టి, వాటిలో కొన్నింటికి అక్కడికక్కడే మందు వేసి, మిగతావి తయారుచేసినవాడికి నివేదించడం టెస్ట్ ఇంజినీరు పని. కార్ల కంపెనీలు ఇవాళ ఆ పనికి పెద్ద పెద్ద విభాగాలే పెట్టుకున్నాయి. దాన్ని మొదట చేసిన మనిషికి భర్త చాటు భార్య అనో, సాహసోపేతమైన గృహిణి అనో ముద్ర వేసి వదిలేయడం అన్యాయం. కారు ఎవరిదంటే నేను రెండు పేర్లూ కలిపే చెబుతాను: కారల్, బెర్తా. ఆ తర్వాత పారిస్ వ్యాపారి ఎమిల్ రోజే బెంజ్ బండ్లను ఫ్రాన్స్‌లో అమ్మాడు. 1894లో వచ్చిన చిన్న కారు వెలో దాదాపు 1,200 దాకా తయారైంది. 1944 మేలో 95వ పుట్టినరోజున కార్ల్స్‌రూహ్ సాంకేతిక విశ్వవిద్యాలయం బెర్తాకు గౌరవ సెనేటర్ బిరుదిచ్చింది. రెండు రోజులకే ఆమె కన్నుమూసింది.

పేటెంట్ కాగితం ఒక్కటే చేతిలో ఉంటే ఏమవుతుందో అమెరికాలో జార్జ్ సెల్డెన్ చూపించాడు. ఆయన న్యాయవాది. 1879లోనే పెట్రోలు బండికి దరఖాస్తు పెట్టి, సవరణలతో సాగదీసి, కార్ల పరిశ్రమ మొలకెత్తే వేళకు, 1895లో, పేటెంట్ చేతికి తీసుకున్నాడు. అప్పటికి ఒక్క బండీ చేయలేదు. అయినా అమెరికా కంపెనీలు ఏళ్ల తరబడి రాయల్టీ కట్టాయి. కట్టనన్నది హెన్రీ ఫోర్డ్. 1909లో ఓడి, 1911లో అప్పీలులో గెలిచాడు: సెల్డెన్ హక్కు బ్రేటన్ అనే వేరే రకం ఇంజిన్‌కే వర్తిస్తుందనీ, ఫోర్డ్ వాడుతున్నది నికొలస్ ఆటో రకమనీ కోర్టు తేల్చింది. కారును కనిపెట్టింది ఫోర్డే అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆయన పని వేరు. 1913లో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టి, పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ బిగింపును ఏడాదిలోపే 93 నిమిషాలకు దించాడు. కారు సామాన్యుడికి అందింది దానివల్లే.

మన గడ్డ మీద ఆ అందడం ఎలా జరిగింది? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరిచ్చిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, సింహాసనం లాంటి సీటుతో, 1912లో తయారైంది. అప్పటికి ఆయన చనిపోయాడు. దాన్ని చౌమహల్లా ప్యాలెస్‌లో చూసి అందరం ముచ్చటపడతాం. నాకు మాత్రం అంతకన్నా పెద్ద తేదీ 1932 జూన్ 15. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన రోజది. ఇబ్రహీంపట్నం డిపో నుంచి కదిలే ఆర్టీసీ బస్సు వంశవృక్షం అక్కడికి పోతుంది. టికెట్టు కొన్న ఎవరైనా మోటారు బండి ఎక్కొచ్చన్న ఏర్పాటు, ఇంజిన్ కనిపెట్టడమంత గొప్పది.

యంత్రం వైపు నుంచి చూస్తే తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు జి.డి.నాయుడు. గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. బడి చదువు పెద్దగా ఒంటబట్టలేదు. ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిల్ చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్నే కొని, విప్పి, మళ్లీ బిగించి యంత్రం నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక బస్సు మొదలుపెట్టి, దాన్ని వందల బస్సుల సంస్థగా పెంచాడు. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన తయారు చేసిన ఎలక్ట్రిక్ మోటారును దేశంలో తొలి స్వదేశీ మోటారుగా చెబుతారు.

మోటారు ప్రస్తావన ఊరికే తేలేదు. గంటకు నూరు కిలోమీటర్లు దాటిన తొలి కారు పెట్రోలుది కాదు, బ్యాటరీది. 1899లో కమీ జెనాట్సీ నడిపిన ఆ కారు 105.88 కిలోమీటర్ల వేగం అందుకుంది. బరువైన బ్యాటరీలు, తక్కువ దూరం, చౌక పెట్రోలు కలిసి దాన్ని వెనక్కి నెట్టేశాయి. ఇప్పుడు అదే పద్ధతి బస్సుల్లోకీ ఆటోల్లోకీ తిరిగొచ్చింది. ఇబ్రహీంపట్నం ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే షాబాద్ మండలం సీతారాంపూర్‌లో ఎలక్ట్రిక్ బస్సుల కర్మాగారం లేచింది. రేపు ఎలక్ట్రిక్ వాహనం ఎవరిదన్న తగాదా వస్తే, బ్యాటరీవాడు, మోటారువాడు, కంట్రోలర్ చేసినవాడు, మొదట అమ్మినవాడు అందరూ వరసకడతారు.

మళ్లీ జి.డి.నాయుడు దగ్గరికొస్తే, 1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారుకు నమూనా చేశాడు. అనుకున్న ధర రెండు వేల రూపాయలు. తయారీకి ప్రభుత్వ లైసెన్సు రాలేదు, కారు ఫ్యాక్టరీ మొహం చూడలేదు. బెంజ్‌కు బెర్తా, రోజే దొరికారు. నాయుడుకు ఫైలు దాటించే మనిషి దొరకలేదు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేర కార్ల మ్యూజియం ఉంది. అటు వెళ్లే మన ఆటోమొబైల్ విద్యార్థులు ఒక పూట దానికి కేటాయిస్తే, ఈ వ్యాసంలో పేర్లుగా మిగిలిన భాగాలు చాలావరకు కళ్లముందు కనిపిస్తాయి.